కొన్నవాడి గీత

రజతకూట పర్వతం తలుపులు సూర్యుడు నడినెత్తికి వచ్చినప్పుడే తెరుచుకుంటాయి. ఆ వేళకు కొండ ముందున్న మైదానం పల్లకీలతో, ఒంటెలతో, గొడుగులతో నిండిపోయింది. దేశదేశాల శ్రీమంతులు ఎండలో నిలబడి చెమటలు కక్కుతున్నారు. వెండి మీద మోజు అలాంటిది మరి. దాహం తీరడానికి ఇంట్లో కంచు చెంబు చాలదా అంటే, చాలుతుంది. పొరుగింటివాళ్లు వెండి చెంబు కొన్నారని తెలిసేదాకా చాలుతుంది.

ఆ గుంపులో జరీచీర కట్టి, మెడ నిండా నగలు దిగేసుకుని, ముక్కు మీద కోపంతో నిలబడిన షావుకారు భార్య ఒకతె ఉన్నది. ఆమె వెనక మోకాళ్లదాకా పంచె ఎగగట్టి, పెద్ద తలపాగా చుట్టి, గొడుగు పట్టిన సేవకుడొకడు. ఆ గొడుగు మాటిమాటికీ పక్కకు ఒరిగిపోతున్నది.

"ఒరేయ్, గొడుగు తిన్నగా పట్టరా! మొహం మాడిపోతున్నది," అని గదిమింది షావుకారు భార్య.

"నాకు గొడుగు పట్టించుకోవడమే గాని పట్టడం తెలియదమ్మగారూ," అని సేవకుడు పళ్ల బిగువున గొణిగాడు.

"నిన్న జొన్నరొట్టె మాడ్చావు. ఇవాళ నా మొహం మాడుస్తున్నావు. నీకు తెలిసిన పని ఒక్కటైనా ఉన్నదా?"

"మాడిందని తిడుతూనే సగం పైగా తిన్నది తమరే!"

షావుకారు భార్య నవ్వు ఆపుకోవడానికి పమిట నోటికి అడ్డం పెట్టుకున్నది.

నిజానికి ఆమె షావుకారు భార్యా కాదు, అతడు సేవకుడూ కాదు. ఆమె రజతపురి అగసాలి సోమలాచారి కూతురు కురంగి. అతడు సింహతల రాజ్యానికి యువరాజు ఉదయకేతుడు. ఇద్దరికీ ఈ కొండలో పని ఉన్నది. ఆ పని వెండి కొనడం మాత్రం కాదు.

నిరుడు వసంతంలో ధూమ్రజంఘుడనే మాంత్రికుడు పొగమబ్బు రూపంలో రజతపురి మీద వాలాడు. రజతపురి అగసాలుల పట్టణం. తాతలు చెక్కిన వెండిని అక్కడ మనవలు తుడిచి మెరుగుపెట్టి, ఇది ఫలానావారి చేతిపని అని చేతులు జోడించి మరీ అమ్ముతారు. ఆ పట్టణంలోని పాత వెండినంతటినీ ధూమ్రజంఘుడు ఎత్తుకుపోయాడు. దాంతోపాటు తరతరాల అగసాలులు కలిసి చెక్కిన వెండిగోడను, ఆ గోడను వదలనని కరుచుకున్న సోమలాచారిని కూడా ఎత్తుకుపోయాడు. ఆ గోడ మీద ఒక ఆశ్వికసేన చెక్కి ఉన్నది. దానికి ప్రాణం పోసి మొదట సింహతలం మీదికే నడిపిస్తానని మాంత్రికుడు శపథం పట్టాడు. ఆ సంగతి వేగులు చెప్పగానే ఉదయకేతుడు ఒంటరిగా బయలుదేరాడు. కురంగికి సేనలతో, రాజ్యాలతో పని లేదు. ఆమెకు తండ్రి కావాలి. ఇద్దరూ అడవిలో ఎదురుపడ్డారు. యువరాజు మూటలో మిగిలిన ఆఖరి పిండితో కాల్చిన రొట్టె చెరిసగం తిన్నారు. అక్కణ్ణించి ఇద్దరి దారీ ఒకటే అయింది.

సూర్యుడు శిఖరం మీదికి వచ్చాడు. కొండ గర్భంలో ఎక్కడో ఒక పెద్ద గంట మోగింది. నల్లటి రాతి మీద సన్నటి వెండిగీత ఒకటి మెరిసి, ఆ గీత రెండుగా చీలి, తాటిచెట్టంత తలుపులు చప్పుడు లేకుండా వెనక్కు తిరిగాయి. మైదానంలో ఒంటెలతో సహా అందరూ ఒక్కసారి ఊపిరి బిగబట్టారు.

గుమ్మంలో ఇత్తడి ముఖాల కావలి భూతాలు రెండు నిలబడి ఉన్నాయి. "కొనడానికి వచ్చారా? చూడడానికి వచ్చారా?" అని గర్జించింది ఒక భూతం.

"చూడకుండా కొనే వెర్రివాళ్లు నీకెక్కడ దొరుకుతారయ్యా? పక్కకు జరుగు," అన్నది కురంగి. భూతం పక్కకు జరిగింది.

లోపల అడుగుపెట్టిన ఉదయకేతుడు గొడుగు సంగతి మరచిపోయాడు. రాజాంతఃపురంలో పుట్టి పెరిగినవాడు, నవరత్నాలతో గోళీలాడినవాడు, నోరు తెరిచి నిలబడిపోయాడు.

కొండ లోపలంతా ఒక అంగడివీధి. పైకప్పు సందుల్లోంచి దిగిన ఎండ వెండి మీద పడి, ఒక వస్తువు నుంచి ఇంకొక వస్తువు మీదికి దూకి, వీధి వీధంతా తెల్లటి వెలుగులో ఈదుతున్నది. అటూ ఇటూ అరుగుల మీద తాంబూలపు పెట్టెలు, గంధపు గిన్నెలు, పొడుగు మెడల పన్నీరు బుడ్లు, కుంకుమ భరిణెలు, పడగ విప్పిన పాముల ఆకారంలో దీపపు సెమ్మెలు. ఏ ఒక్కదాని మీదా గోరు మోపేంత చోటు ఖాళీగా లేదు. ఒక పళ్లెం అంచు చుట్టూ వేట సాగుతున్నది. జింక వెనక కుక్క, కుక్క వెనక వేటగాడు, వేటగాడి వెనక అన్నం మూటతో అతడి భార్య. ఒక చెంబు మీద వాన కురుస్తున్నది. ఆ వానలో తడుస్తున్న పిట్ట రెక్కలో ఈకకు ఈకకు మధ్య నీటిబొట్టు కూడా చెక్కి ఉన్నది. ఒక పెట్టె మూత మీద గులాబీ పువ్వు, ఆ పువ్వు రేకు మీద చీమ, ఆ చీమ నోట్లో చక్కెర పలుకు. ఉదయకేతుడు వంగి చూసి, చీమ కదులుతుందేమోనని వేలు వెనక్కు తీసుకున్నాడు.

"మనుషులేనా ఇవి చేసింది?" అన్నాడు మెల్లగా.

కురంగి కళ్లలో నీళ్లు తిరిగాయి. "మనుషులే. ఆ పళ్లెం మా ముత్తాత రుద్రాచారిది. వేటగాడికి వెనకాల అన్నం మోసే పెళ్లాన్ని పెట్టేది ఆయనొక్కడే. ఆ వానచెంబు మా తాతది. ఇదుగో, ఈ ఉగ్గుగిన్నె..." ఆమె ఒక చిన్న గిన్నెను వేలితో తాకి ఆగిపోయింది. "ఇది మా నాన్నది. నేను పుట్టినప్పుడు చేశాడు."

"అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, మీ సొమ్ముతో వీడి వైభోగమా!" అని పళ్లు కొరికాడు ఉదయకేతుడు.

"దానమైనా నయం. వీడు అమ్ముతున్నాడు. అమ్మినా ఇవేవీ కొన్నవాళ్లవి కావులే." కురంగి గొంతు తగ్గించింది. "ఆ చీమకు ఎన్ని మీసాలున్నాయో చూడు."

"ఒకటే ఉన్నది."

"రెండోది కొన్నవాడి గీత. మా వీధిలో ఏ అగసాలీ పని పూర్తిచేసి అమ్మడు. ఒక్క గీత మిగులుస్తాడు. బేరం కుదిరాక కొన్నవాడి చేతికి ఉలి ఇచ్చి, ఆ చేతి మీద చేసినవాడు తన చెయ్యి వేస్తాడు. సుత్తిదెబ్బ చేసినవాడి పిల్లలు వేస్తారు. అప్పుడు ఆ గీత పడుతుంది, అప్పుడు వస్తువు కొన్నవాడిదవుతుంది. ఆ గీత పడకపోతే నూరేళ్లు నీ ఇంట్లో ఉన్నా అది చేసినవాడిదే. నువ్వు దాచిపెట్టినవాడివి, అంతే."

"డబ్బు ఇచ్చినా?"

"ధర అంటే డబ్బొక్కటే అని ఎవరు చెప్పారు? చేసినవాడు చాలన్నదే ధర. ఒక గొల్లావిడ పాపం దోసెడు వెన్న తెస్తే మా తాత వెండి కడియాలిచ్చాడు. ఆవిడ చేత్తోనే గీత పెట్టించాడు."

"అగసాలి తల్లి బంగారంలోనైనా తరుగు తీస్తాడంటారే!"

"అనేవాళ్లు మా వీధికి రాలేదులే," అని కురంగి మూతి తిప్పింది.

అంతలో పక్క అరుగు మీది వర్తకుడు చాప పరిచి, "అమ్మగారూ, కూర్చోండి, నిదానంగా చూడండి," అని పిలిచాడు. అతడి ముఖం పాలిపోయి బూడిదరంగులో ఉన్నది. కురంగి కూర్చుని నాలుగు భరిణెలు తిప్పి చూసింది, పెదవి విరిచింది, ఒక్కటీ కొనకుండా లేచింది.

లేచేటప్పుడు ఆమె చేసిన పని ఎవరూ గమనించవలసిన పని కాదు. ఒడి మీద పడిన తెల్లటి పొడిని అరచేతిలోకి దులిపి, చాప మీదిది కూడా వేలితో దగ్గరకు తీసి, ఒక్క రవ్వ పోకుండా ఎత్తి, చీరకొంగున ముడి వేసుకున్నది. అది వెండిరజను. అగసాలి ఇంట్లో పుట్టిన బిడ్డకు నడక కన్నా ముందు నేర్పేది ఇదే. పని చాప మీంచి ఎవరు లేచినా ఒడి దులుపుకునే లేవాలి, ఆ రజను కుంపట్లోకే తిరిగి వెళ్లాలి. అందుకని కురంగి ఏం చేసిందో కురంగికే తెలియలేదు.

వీధి మొత్తం మూగబోయింది. బేరాలు ఆగిపోయాయి. అరుగుల మీది వర్తకులందరూ ఒక్కసారి ఆమెకేసి తిరిగి, నవ్వి, నిలబడినవాళ్లు నిలబడినట్టే పొగగా మారిపోయారు. కొనడానికి వచ్చిన శ్రీమంతులు కేకలు పెడుతూ, చెప్పులు వదిలేసి తలుపుల వైపు పరుగెత్తారు. చివరివాడు దాటగానే తలుపులు దబాలున మూసుకున్నాయి.

"దొరికింది!" అన్నది ఒక గొంతు పైకప్పు నుంచి. "ఎన్ని అంగళ్లు పెట్టాను, ఎన్ని చాపలు పరిచాను, ఎంతమంది షావుకార్ల పెళ్లాలను భరించాను! అందరూ లేచి విదిలించుకుని పోయారు. ఎత్తి కొంగున కట్టుకున్నదానివి నువ్వొక్కదానివే. వేషం మార్చావు పిల్లా, కానీ పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు!"

పొగలోంచి ధూమ్రజంఘుడు దిగాడు. మనిషి నడుముదాకానే ఉన్నాడు. కింద కాళ్ల చోట రెండు పొగతాళ్లు మెలికలు తిరుగుతున్నాయి.

ఉదయకేతుడు గొడుగు కర్రను విరిచాడు. అందులోంచి కత్తి తళుక్కుమన్నది. పొగభూతాలు నాలుగు వైపులా కమ్ముకున్నాయి. నరికితే తెగి మళ్లీ కలుస్తున్నాయి. ఇలా లాభం లేదని అతడు అరుగు మీదికి దూకి, పన్నీరు బుడ్ల వరుసను కాలితో ఒక్క తాపు తన్నాడు. పన్నీరు జల్లుమని పడగానే భూతాలు సుయ్‌మని చల్లారి మసిగా రాలాయి. వీధంతా గులాబీ వాసన గుప్పుమన్నది. "కురంగీ, పరుగెత్తు!" అని అరిచాడతడు. కానీ అతడి వెనకనున్న దీపపు సెమ్మెలు కదిలాయి. పడగ విప్పిన వెండిపాములు బుసకొట్టి అతడి కాళ్లను, నడుమును, ఎడమ చేతిని చుట్టేశాయి. కత్తి ఖంగున జారిపడింది.

ధూమ్రజంఘుడు వేలు ఆడించాడు. పొగ ఇద్దరినీ ఎత్తి కొండ లోలోపలి మందిరంలో పడేసింది.

పడినచోటు నుంచి తలెత్తి చూసిన ఉదయకేతుడికి భయం కూడా మరపున పడింది.

ఎదురుగా వెండిగోడ. ఆ చివర నుంచి ఈ చివర దాకా నిలువెత్తు గుర్రాలు, వాటి మీద రౌతులు. గాలికి రేగిన జూలు, బిగిసిన కండరాలు, నురగ కక్కే మూతులు, డెక్కల కింద లేచిన దుమ్ము, ఆ దుమ్ములో ఎగిరిన గడ్డిపరక, అన్నీ వెండిలో ఉన్నాయి. సేన అంతా ఇప్పుడే కదలబోతూ ఎవరి మాట కోసమో ఆగినట్టు ఉన్నది. రౌతుల ముఖాలు మాత్రం యోధుల ముఖాలు కావు. ఒకడికి చత్వారపు చూపు. ఒకడికి ముక్కు మీద నిప్పురవ్వ పడిన మచ్చ. ఒకడికి కొలిమి గొట్టం ఊది ఊది ఉబ్బిన బుగ్గలు.

"వీళ్లు..." అన్నాడతడు.

"మా పెద్దలు," అన్నది కురంగి. ఆమె అప్పటికే మోకాళ్ల మీద ఉన్నది. "మా వీధిలో ఎవరు పోయినా కొడుకు వచ్చి ఒక రౌతును చెక్కి, తండ్రి ముఖం పెట్టి పోతాడు. ఎవరూ పోకూడదనే గాని, పోయినా ఎక్కడికీ పోరు."

గోడ ముందువైపు ఒక రౌతు గుర్రం దిగి, పక్కన నడుస్తున్నట్టు ఉన్నాడు. అతడి పక్కన, గోడకు అడ్డంగా రెండు చేతులూ చాచి, ఎవరినో రావద్దంటున్నట్టు నిలబడి ఉన్నాడు సోమలాచారి. గోడలో సగం, బయటికి సగం. వెండి జుట్టు, వెండి కళ్లు, వెండి చెంప మీద జారుతూ ఆగిపోయిన వెండి కన్నీరు.

"నాన్నా!" అని కురంగి వెళ్లి ఆ పాదాల మీద పడబోయింది. పాదాలు లేవు. చీలమండల దగ్గరే వెండి ఆగిపోయి, అక్కడ ఆకురాయితో రాసిన గరుకు గీతలున్నాయి.

ధూమ్రజంఘుడు హాయిగా నవ్వాడు. "చూశావా? మామూలు రజనుకు నీ చెయ్యి కదులుతుందో లేదోనని, మీ నాన్న కాళ్లే అరగదీసి చాపలన్నింటి మీదా చల్లించాను. నీ కొంగులో ఉన్నది ఆయన కాలే!"

కురంగి చీరకొంగును గుండెకు హత్తుకున్నది. ఏడవలేదు. ఏడుపుకు మించిన కోపం వచ్చింది ఆమెకు.

"ఇక పని మాట," అన్నాడు మాంత్రికుడు. "ఈ గోడ మీద ఒక గీత తక్కువున్నది. అది పడితే సేన నాది. ఏడాది నుంచి వెతుకుతున్నాను. ఎక్కడ చెక్కినా వెండి మళ్లీ పూడుకుపోతున్నది. మీ నాన్నను అడిగితే నోరు విప్పలేదు. విప్పని నోరెందుకని వెండి చేశాను. నువ్వు చూపించు. చూపిస్తే మీ నాన్నను తీసుకుపో. లేదంటే..." అతడు చెయ్యి ఊపాడు. గోడ కింద కొలిమి భగ్గున మండింది. తిత్తులు లేచి పడ్డాయి. సోమలాచారి పంచె అంచు మీది వెండి మెత్తబడి మెరిసింది. "కరిగించి పోతపోస్తాను. నాకు కొత్త చెంబులు వస్తాయి."

పాములు ఉదయకేతుణ్ణి ఈడ్చుకుపోయి ముందు గుర్రం కాలికి కట్టేశాయి. "సేన కదిలితే మొదటి డెక్క నీ మీదే పడుతుంది యువరాజా. నిన్ను గుర్తుపట్టననుకున్నావా? గొడుగు అంత వంకరగా పట్టేవాడు రాజకుమారుడు గాక ఇంకెవడు?"

కురంగి యువరాజు వైపు చూసింది. గీత చూపితే సింహతలం బూడిదవుతుంది, చూపకపోతే తండ్రి కరిగిపోతాడు.

"నావంక చూడకు," అన్నాడు ఉదయకేతుడు. "నా రాజ్యానికి కోటగోడలున్నాయి, సైన్యమున్నది, మా తమ్ముళ్లున్నారు. మీ నాన్నకు నువ్వు తప్ప ఎవరున్నారు?"

కురంగి కళ్లు తుడుచుకుని గోడ దగ్గరికి వెళ్లింది. ఒక్కొక్క గుర్రాన్నీ, ఒక్కొక్క రౌతునూ అరచేత్తో తడుముతూ నడిచింది. తడుముతున్నకొద్దీ ఆమెకు ఒళ్లు గగుర్పొడిచింది. ఇంతమంది, ఇన్ని తరాలు, ఒకరి గీత పక్కన ఒకరు గీత పెడుతూ, పూర్తిచెయ్యగలిగి కూడా ఎవరూ పూర్తిచెయ్యలేదు. ఏనాటికో వచ్చే ఎవరి చేతికోసమో ఒక్క గీత వదిలిపెట్టారు. ముందు నిలబడిన రౌతు దగ్గర ఆమె చెయ్యి ఆగింది. గుర్రం నోటి నుంచి కళ్లెం తాడు సాగి వచ్చి, రౌతు పిడికిలికి వెంట్రుకవాసి దూరంలో ఆగిపోయి ఉన్నది.

"ఇదే," అన్నది కురంగి.

ధూమ్రజంఘుడి కళ్లు నిప్పుల్లా వెలిగాయి. ఉలీ సుత్తీ ఆమె ముందు పడ్డాయి. "చెక్కు!"

"నేను చెక్కితే ఏం లాభం? మళ్లీ పూడుకుపోతుంది. ఉలి కొన్నవాడు పట్టాలి. వాడి చేతి మీద చేసినవాడి చెయ్యి ఉండాలి. ధర చేసినవాడే నోటితో ఒప్పుకోవాలి. చేసినవాళ్లలో బతికున్నది మా నాన్నే. ఆయన నోరు, కుడి చెయ్యి ఇవ్వు."

మాంత్రికుడు అనుమానంగా చూశాడు. కానీ ఆశ చెడ్డది. ఏడాదిగా వెతికిన గీత ఎదురుగా ఉన్నది. అతడు పెదవులు కదిపాడు. సోమలాచారి ముఖం మీద వెండి మంచులా కరిగి చర్మం రంగు వచ్చింది. కుడి చెయ్యి భుజం దాకా మెత్తబడింది. ఆగిన కన్నీరు జారి గడ్డం మీద పడింది.

సోమలాచారి రెప్పలల్లార్చి కూతురిని చూశాడు. గొంతు బొంగురుగా పలికింది. "వచ్చావా తల్లీ? ఏమిటమ్మా ఇలా చిక్కిపోయావు? అన్నం తిన్నావా?"

అంతవరకూ బిగబట్టుకున్న కురంగి బావురుమన్నది.

"తరవాత ఏడవండి!" అని ధూమ్రజంఘుడు పొగతాడు విదిలించాడు. రత్నాల రాశి ఒకటి గలగలా వచ్చి గోడ ముందు పడింది. "ఇదిగో ధర. చాలునా ముసలాడా? ఇంకా కావాలా? రాజ్యం కావాలా?"

సోమలాచారి ఆ రాశి వైపు తల కూడా తిప్పలేదు. "నా కూతురితో మాట్లాడుతున్నాను, ఉండవయ్యా. అమ్మా, ఇంత దూరం వచ్చావే, దారిలో నీకెవరు పెట్టారు?"

"ఈయనే నాన్నా," అన్నది కురంగి వెక్కుతూ. "జొన్నరొట్టె కాల్చి పెట్టాడు. మాడ్చేశాడు."

"మాడ్చాడా? ఇంకొకటి కాల్చలేకపోయాడా?"

"పిండి అంతే ఉన్నది. సగం నాకిచ్చాడు."

సోమలాచారి ఉదయకేతుణ్ణి తేరిపార చూశాడు. గుర్రం కాలికి కట్టి ఉన్న ఆ మనిషి కుడి చేతికి రొట్టె కాల్చినప్పటి బొబ్బలు ఇంకా ఉన్నాయి.

"ఆకలిగా ఉన్న నా బిడ్డకు తన దగ్గరున్న ఆఖరి రొట్టెలో సగం పెట్టాడు. మా పెద్దలందరి ఎదుటా చెబుతున్నాను, ధర ముట్టింది. గోడ ఆ బాబుది," అన్నాడు సోమలాచారి.

కురంగికి అర్థమయ్యేసరికే ఆమె చెయ్యి కదిలింది. ఉలి తీసుకుపోయి ఉదయకేతుడి కుడి చేతిలో కుక్కింది. సోమలాచారి చెయ్యి గోడ మీంచి సాగి ఆ చేతిని గట్టిగా కప్పి, ఉలి మొనను కళ్లెం తాడు కొసకు ఆనించింది. ధూమ్రజంఘుడు పెడబొబ్బ పెట్టి పొగతాడు విసిరాడు. అది కురంగి నడుమును చుట్టి వెనక్కు లాగింది. లాగుతుండగానే ఆమె సుత్తి ఎత్తి కొట్టింది.

టంగ్!

అగసాలి నూరు దెబ్బలు కమ్మరి ఒక్క పెట్టుకు సరి అంటారు. ఆ దెబ్బ మాత్రం కొండ పునాదుల్లో మోగింది. వెంట్రుకవాసి గీత పడింది. కళ్లెం పిడికిలికి అందింది.

ముందు గుర్రం ముక్కుపుటాలు ఎగరేసి ఊపిరి వదిలింది. ఆ ఊపిరి వెచ్చగా ఉదయకేతుడి మెడకు తగిలింది. పాములు మామూలు సెమ్మెల్లా ఖంగుఖంగున రాలిపోయాయి. వరుస వెనక వరుస, గుర్రాలు గోడలోంచి నేల మీదికి అడుగుపెట్టాయి. సకిలింపులతో మందిరం దద్దరిల్లింది. తాతలు, ముత్తాతలు, పేర్లు కూడా మరచిపోయిన పెద్దలు ఈటెలు పట్టుకుని నిలబడ్డారు. కురంగి రెండు చేతులూ జోడించి, ఎవరికి మొక్కాలో తెలియక అందరికీ మొక్కింది.

ధూమ్రజంఘుడు ఇక నిలవలేదు. పొగై కొలిమి పొగగొట్టంలోకి దూరి పైకి ఎగబాకుతూ అరిచాడు: "ముసలాడి కాళ్లు చాపల మీద ఉన్నాయి గుర్తుపెట్టుకోండి! కొండ తలుపులన్నీ బార్లా తెరుస్తాను. సుడిగాలినై వస్తాను. ఎగిరిపోయిన రజనును ఏ లోకంలో ఏరుకుంటారో చూస్తాను!"

గోడలోంచి జారిన సోమలాచారి కూతురి ఒడిలో పడ్డాడు. తల, గుండె, మోకాళ్లు మనిషివయ్యాయి. చీలమండల దగ్గర మాత్రం వెండి ఆగింది. ఆగి, మెల్లగా మళ్లీ పైకి పాకడం మొదలుపెట్టింది.

"రాకుమారా! కాళ్లు రాకపోతే నాన్న మళ్లీ వెండి అయిపోతాడు!" అని కేకపెట్టింది కురంగి.

ముందు రౌతు ఉదయకేతుడి ఎదుట తల వంచాడు. గుహలో మోగినట్టున్నది ఆ గొంతు. "ఏలికా, మొదటి ఆజ్ఞ. ఎవరి తల తెమ్మంటారు?"

ఏ రాజూ కలలోనైనా చూడని సేన అది. ఉదయకేతుడు ఆ ఈటెల వైపు చూశాడు. తరవాత సోమలాచారి కాళ్ల వైపు చూశాడు.

"తలలు వద్దు," అన్నాడు. "గుర్రాలు దిగండి. ఈటెలు పక్కన పెట్టండి. అంగడిలో చాపల మీద రజను ఉన్నది. గాలి వచ్చేలోపల ఒక్క రవ్వ పోకుండా ఎత్తుకురండి."

ముందు రౌతు వెండి ముఖం మీద ముడతలు కదిలి నవ్వు విరిసింది. "అది మాకు చెప్పాలా ఏలికా?"

ఈటెలన్నీ ఒక్కసారి గోడకు ఆనాయి. ఆ మహాసేన అంగడివీధిలోకి ప్రవహించి, చాప చాపకూ మోకాళ్ల మీద కూర్చున్నది. వెండి వేళ్లు చాపల అల్లికలో దూరి రవ్వ రవ్వనూ దగ్గరకు తీస్తున్నాయి. అరచేతులు దోసిళ్లయ్యాయి. లేచేటప్పుడు ప్రతి ఒక్కరూ ఒడి దులుపుకునే లేస్తున్నారు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో పోతుందన్నాడు ధూమ్రజంఘుడు. పుడకల్లో ఎప్పుడో కాలిపోయినవాళ్లు వీళ్లు. అయినా పోలేదు.

కురంగి కొంగుముడి విప్పింది. అందులోని చిటికెడు రజనును తండ్రి కాలి మీద పోసి, చెయ్యి ఆనించి, కళ్లు మూసుకున్నది. కళ్లు తెరిచేసరికి అక్కడ ఒక బొటనవేలు ఉన్నది. కొలిమి దగ్గర కాలిన పాత మచ్చతో సహా ఉన్నది.

ఆ వేలు కదిలింది.

"చాప అంచులు కూడా చూడమను తల్లీ," అన్నాడు సోమలాచారి నీరసంగా. "అంచుల్లోనే ఎక్కువ దాక్కుంటుంది."

దూరంగా కొండ తలుపులు కిర్రుమన్నాయి. వీధి చివరి చాప ఒకటి గాలికి మూల లేచి రెపరెపలాడింది. ఉదయకేతుడు పరుగెత్తుకెళ్లి దాని మీద బోర్లా పడుకున్నాడు.